జీతం ఒక దేశంలో, నిద్ర ఇంకో దేశంలో

షెంగెన్ వీసా పేరు వినని వాళ్ళు మనలో తక్కువ. దాని అపాయింట్‌మెంట్ దొరక్క తిట్టుకున్న వాళ్ళూ ఉంటారు. కానీ షెంగెన్ అనేది నిజంగా ఒక ఊరి పేరని, ఆ ఊరికి ద్రాక్షతోటలు, ఒక నది, నది పక్కన వరసగా పెట్రోల్ బంకులు ఉన్నాయని తెలిసిన వాళ్ళు ఎంతమంది?

లగ్జెంబర్గ్ దేశానికి ఆగ్నేయ మూలన, మొజెల్ నది ఒడ్డున ఉంటుందీ ఊరు. వంతెన దాటితే జర్మనీలోని పెర్ల్. వంతెన దాటకుండా ఒడ్డు పట్టుకుని దక్షిణంగా నడిస్తే ఫ్రాన్స్. ఫోన్‌లో 'వెల్‌కమ్ టు జర్మనీ', 'వెల్‌కమ్ టు ఫ్రాన్స్' అని మెసేజ్‌లు వస్తుంటాయి తప్ప, దేశం మారిందని చెప్పే మనిషి ఎవరూ కనిపించరు. పెట్రోల్ బంకుల్లో మాత్రం జర్మన్, ఫ్రెంచ్ నంబర్ ప్లేట్లే ఎక్కువ. లగ్జెంబర్గ్‌లో ఇంధనం మీద పన్ను తక్కువ కాబట్టి ట్యాంకు నింపుకుని వెళ్తుంటారు.

1985 జూన్ 14న ఇక్కడే, 'ప్రిన్సెస్ మేరీ-ఆస్ట్రిడ్' అనే పడవ మీద ఐదు దేశాల ప్రతినిధులు సంతకాలు పెట్టారు. బెల్జియం, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, లగ్జెంబర్గ్, అప్పటి పశ్చిమ జర్మనీ. తమ మధ్య సరిహద్దుల్లో తనిఖీలు మెల్లగా ఎత్తేస్తామని ఒప్పందం. అది నిజంగా అమల్లోకి రావడానికి 1995 మార్చి 26 దాకా పట్టింది. ఇప్పుడు ఆ జాబితాలో 29 దేశాలున్నాయి. ఆ పడవను బాగుచేసి, నలభై ఏళ్ళయిన సందర్భంగా 2025లో మళ్ళీ ఇక్కడికే తెచ్చి మ్యూజియంలా పెట్టారు.

ఇంకో తమాషా ఉంది. ఇక్కడ మొజెల్ నదికి మధ్యలో సరిహద్దు గీత లేదు. 1816 నాటి ఒప్పందం ప్రకారం ఈ నీళ్ళు మొత్తం రెండు వైపుల వాళ్ళకీ ఉమ్మడి. నదీజలాల పంపకాల గొడవలు వింటూ పెరిగిన నాకు ఈ సంగతి జీర్ణం కావడానికి కాస్త టైమ్ పట్టింది.

నేను లగ్జెంబర్గ్ వచ్చి రెండో ఏడు నడుస్తోంది. జగిత్యాల పక్క ఊరు మాది. ఇంజినీరింగ్, హైదరాబాద్‌లో నాలుగేళ్ళ ఉద్యోగం, తర్వాత ఇక్కడ. రోజంతా డేటాబేస్‌లతో కుస్తీ. శనివారం వస్తే ఏదో ఒక రైలెక్కి సరిహద్దు ఊళ్ళు తిరుగుతుంటా. ఆ తిరుగుళ్ళలో చూసిందే ఇది.

మెదక్ జిల్లాకు రోజూ రెండు లక్షల మంది

లగ్జెంబర్గ్ విస్తీర్ణం 2,586 చదరపు కిలోమీటర్లు. అంటే ఇప్పటి మెదక్ జిల్లా కంటే కాస్త చిన్నది. జనాభా ఏడు లక్షల లోపే. అలాంటి దేశంలోకి పక్క దేశాల నుంచి పనికొచ్చి, పని అయ్యాక ఇంటికి వెళ్ళిపోయే ఉద్యోగులు రెండు లక్షల ఇరవై వేల పైచిలుకు. దేశంలో జీతం తీసుకునే వాళ్ళలో దాదాపు సగం మంది రాత్రి వేరే దేశంలో పడుకుంటారన్నమాట. వీళ్ళలో సగానికి పైగా ఫ్రాన్స్ వాళ్ళు. మిగతా వాళ్ళు ఇంచుమించు సమంగా బెల్జియం, జర్మనీల నుంచి. వీళ్ళను ఫ్రెంచ్‌లో 'ఫ్రాంటాలియే' అంటారు. సరిహద్దు మనుషులు అని అర్థం.

మా టీమ్‌లో ఎనిమిది మందిమి. సాయంత్రం లాప్‌టాప్‌లు మూసి నాలుగు దేశాలకు పోతాం. మియాపూర్‌లో ఉంటూ రాయదుర్గంలో ఉద్యోగం చేయడం మనకు ఎంత మామూలో, ఫ్రాన్స్‌లోని తియోన్‌విల్‌లో ఉంటూ లగ్జెంబర్గ్‌లో చేయడం వాళ్ళకు అంత మామూలు. రైల్లో అరగంట ప్రయాణం. ఇంకాస్త దూరంలో మెట్జ్ నగరం ఉంది (రాసేది మెట్జ్, పలికేది మెస్). ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య ఆ వైపు నుంచి వచ్చే రైళ్ళలో నిలబడే చోటు దొరికితే అదృష్టం. సమాంతరంగా వెళ్ళే ఏ31 హైవే అయితే మన ఓఆర్ఆర్ ఎగ్జిట్‌ను గుర్తుచేస్తుంది.

ఇంత కష్టపడి ఎందుకు వస్తారు? మొదటి జవాబు జీతం. 2025 మొదట్లో ఫ్రాన్స్‌లో కనీస వేతనం నెలకు దాదాపు 1,802 యూరోలు. లగ్జెంబర్గ్‌లో నైపుణ్యం అక్కర్లేని పనికి కూడా దాదాపు 2,638. ఫ్రాన్స్‌లో వారానికి 35 గంటలు, ఇక్కడ 40 గంటలు అన్న తేడా తీసేసినా, మిగిలే తేడా చిన్నది కాదు. మరి ఇక్కడే ఉండొచ్చు కదా అంటారా? నగరంలో ఒక పడకగది ఫ్లాటుకు నెలకు పదిహేను వందల యూరోలు దాటడం మామూలే. అందుకే జీతం ఇక్కడ, అద్దె అక్కడ.

గేటు తీయడం సగం పనే

వచ్చిన కొత్తలో నేను కూడా ఇదంతా సరిహద్దు తెరవడం వల్ల జరిగిందనే అనుకునేవాణ్ణి. మా టీమ్‌లో తియోన్‌విల్ నుంచి వచ్చే కొలీగ్ ఒకాయన ఉన్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి. లంచ్‌లో కూర్చుని ఆయన జీతం లెక్క వివరించాక నా అభిప్రాయం మారింది.

ఆయన ఆదాయపు పన్ను లగ్జెంబర్గ్‌కే కడతాడు. ఆరోగ్య బీమా, పెన్షన్ వాటా కూడా ఇక్కడే కట్ అవుతాయి. కానీ పిల్లాడికి జ్వరం వస్తే తియోన్‌విల్‌లో డాక్టర్ దగ్గరికి వెళ్తాడు. తనకు పంటి నొప్పి వస్తే ఆఫీసు పక్క డెంటిస్ట్ దగ్గరికి. రెండు చోట్లా బీమా చెల్లుతుంది. పిల్లల భత్యం లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వాళ్ళావిడ ఫ్రాన్స్‌లో ఉద్యోగం చేస్తుంది కాబట్టి మొదట ఫ్రాన్స్ ఇస్తుంది. అక్కడి మొత్తం ఇక్కడి కంటే తక్కువైతే, ఆ తేడాను లగ్జెంబర్గ్ కలుపుతుంది.

పెన్షన్ కూడా అంతే. ఆయన పన్నెండేళ్ళు ఫ్రాన్స్‌లో పనిచేశాడు. మిగతాది ఇక్కడ. అర్హత చూసేటప్పుడు రెండు దేశాల ఏళ్ళనూ కూడతారు. డబ్బు ఇచ్చేటప్పుడు ఎవరి వాటా వాళ్ళు ఇస్తారు. ఒక్క సంవత్సరం కూడా గాల్లో కలిసిపోదు. రేపు ఉద్యోగం పోతే? భృతి ఇచ్చేది ఆయన నివసించే ఫ్రాన్స్. అందులో మొదటి కొన్ని నెలల ఖర్చును లగ్జెంబర్గ్ ఫ్రాన్స్‌కు తిరిగి కడుతుంది.

ఇవన్నీ యూరోపియన్ యూనియన్ చట్టంలో ఉన్నాయి. 2010 మే నుంచి అమల్లో ఉన్న 883/2004 అనే నిబంధన దీనికి ఆధారం. దాని మూలాలు 1958లో తెచ్చిన మొదటి నిబంధనల్లోనే ఉన్నాయి. అంటే షెంగెన్ పడవ కంటే పాతికేళ్ళకు పైగా ముందే. రోడ్డు మీద గేటు ఎత్తేయకముందే, మనిషి వెంట అతని పెన్షన్, బీమా ఎలా ప్రయాణం చేయాలో రాసుకున్నారు. ఈ వరస నాకు బాగా నచ్చింది. ముందు హక్కులు దాటాయి, తర్వాత కార్లు.

అలాగని ఎవరూ ప్రేమతో ఇచ్చేయలేదు. 2010లో లగ్జెంబర్గ్ తన విద్యార్థుల ఆర్థిక సాయాన్ని దేశంలో నివసించే వాళ్ళకే పరిమితం చేసింది. రోజూ వచ్చి పనిచేసి పన్ను కట్టే ఫ్రాంటాలియేల పిల్లలకు లేదు. వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. 2013 జూన్ 20న యూరోపియన్ కోర్టు, ఇది వివక్షే అని తేల్చింది. లగ్జెంబర్గ్ చట్టం మార్చుకుని, తల్లో తండ్రో కొన్నేళ్ళు ఇక్కడ పనిచేసి ఉండాలన్న షరతుతో వాళ్ళకూ తలుపు తెరిచింది. ఒక కార్మికుడి కొడుకు ఇంకో దేశపు డబ్బుతో యూనివర్సిటీకి వెళ్ళగలగడం... ఇది తనిఖీ బూత్ కూలగొడితే వచ్చేది కాదు.

ఉక్కు పోయిన ఊళ్ళు

ఫ్రాన్స్ వైపు ఓడాన్-లె-టిష్ అనే చిన్న ఊరుంది. లగ్జెంబర్గ్‌కు ఆనుకునే ఉంటుంది. ఆ చుట్టుపక్కల ప్రాంతమంతా ఒకప్పుడు ఇనుప గనులు, ఉక్కు కొలుములు. ఇటలీ నుంచి, పోలండ్ నుంచి కూలీలు వచ్చి స్థిరపడ్డ నేల. మన సింగరేణి ఊళ్ళలాగే వీధి వీధికీ కార్మికుల ఇళ్ళు, ఒకే ఎత్తు, ఒకే నమూనా.

యూరప్ ఏకం కావడం మొదలైందే ఈ ఇనుము దగ్గర. ఫ్రాన్స్, జర్మనీలు ఈ గనుల కోసం, ఈ నేల కోసం కొట్టుకున్నాయి. మెట్జ్, తియోన్‌విల్ 1871 నుంచి 1918 దాకా జర్మనీలో ఉన్నాయి. మళ్ళీ యుద్ధం రాకూడదంటే బొగ్గు, ఉక్కు ఉమ్మడిగా నడపాలని 1950 మే 9న ప్రతిపాదించిన ఫ్రెంచ్ మంత్రి రాబర్ట్ షూమన్ పుట్టింది లగ్జెంబర్గ్ నగరంలోనే. 1951లో ఆరు దేశాలు కుదుర్చుకున్న ఆ ఒప్పందంలో, నైపుణ్యం ఉన్న బొగ్గు, ఉక్కు పనివాళ్ళను పరాయి దేశస్థులని పనికి ఆపకూడదన్న మాట కూడా రాశారు.

తర్వాత ఉక్కు కూలిపోయింది. 1970ల చివర్లో, 80లలో ఒక్కో కొలిమీ ఆరిపోయింది. లోంగ్వీ లాంటి ఊళ్ళలో కార్మికులు రోడ్ల మీదికొచ్చి పోరాడారు. ఆగలేదు. అటువైపు ఫ్రాన్స్‌లో ఊళ్ళు ఖాళీ అవుతుంటే, ఇటువైపు లగ్జెంబర్గ్ బ్యాంకులు, ఫండ్లు, తర్వాత టెక్ కంపెనీలతో మారిపోయింది. బెల్వాల్‌లో చివరి కొలిమి 1997లో ఆరింది. ఇప్పుడు అక్కడ యూనివర్సిటీ ఉంది. తుప్పు పట్టిన ఎర్రటి కొలిమిని అలాగే ఉంచి, దాని చుట్టూ క్లాస్‌రూమ్‌లు, కేఫ్‌లు కట్టారు. దాని కింద కూర్చుని కాఫీ తాగుతూ అసైన్‌మెంట్ చేసుకునే పిల్లల్ని చూస్తే, కొలిమిలో పనిచేసిన తాత వీళ్ళలో ఎవరికైనా ఉండి ఉంటాడా అనిపిస్తుంది.

ఓడాన్ నుంచి బెల్వాల్ కొద్ది నిమిషాల ప్రయాణం. తాతలు గనిలో దిగిన ఊళ్ళో ఇప్పటి తరం లగ్జెంబర్గ్ ఆసుపత్రిలో నర్సు, సూపర్‌మార్కెట్‌లో క్యాషియర్, బ్యాంకులో అకౌంటెంట్. పని సరిహద్దు దాటి దొరకకపోతే ఈ ఊళ్ళు ఏమయ్యేవో ఊహించడం కష్టం కాదు.

పన్ను అక్కడ, బడి ఇక్కడ

ఇక్కడిదాకా చదివి అంతా బాగుందే అనుకుంటున్నారా? ఓడాన్ వీధుల్లో ఇంకో గంట తిరగండి.

జనం పెరిగారు. అంటే బడి కావాలి, అంగన్‌వాడీ లాంటి క్రెష్ కావాలి, రోడ్లు, చెత్త బండ్లు కావాలి. వీటికి ఖర్చు పెట్టాల్సింది ఫ్రెంచ్ మున్సిపాలిటీ. కానీ ఆ జనం సంపాదన మీద పన్ను వెళ్ళేది లగ్జెంబర్గ్‌కు. బెల్జియం సరిహద్దు మున్సిపాలిటీల కోసం లగ్జెంబర్గ్ ఏటా కొంత సొమ్ము తిరిగి ఇస్తుంది. ఫ్రాన్స్‌తో అలాంటి ఏర్పాటు లేదు. బదులుగా 2018లో ఒక ఒప్పందం కుదిరింది. రైలు మార్గం, స్టేషన్ల దగ్గర పార్కింగ్ పనులకు లగ్జెంబర్గ్ 12 కోట్ల యూరోలు కలుపుతానంది. 2021లో దాన్ని పెంచారు. మాకు పార్కింగ్ ఒక్కటే చాలదు, పన్నులో వాటా కావాలని లొరైన్ ప్రాంతపు మేయర్లు ఎప్పటి నుంచో అడుగుతున్నారు.

నర్సుల సంగతి ఇంకా ఇబ్బంది. ఫ్రాన్స్ తన డబ్బుతో చదివించిన నర్సు, అరగంట దూరంలో చాలా ఎక్కువ జీతం ఉంటే ఎందుకు ఆగుతుంది? తప్పు ఆమెది కాదు. కానీ లొరైన్ ఆసుపత్రికి మనుషులు దొరకరు. ఇక సరిహద్దు దాటని వాళ్ళ మాటేంటి? ఫ్రెంచ్ జీతంతో తియోన్‌విల్‌లో ఉండే టీచరమ్మ, లగ్జెంబర్గ్ జీతం ఉన్న పొరుగాయనతో అద్దె దగ్గర పోటీ పడాలి. ఒకే మెట్లు ఎక్కే రెండు కుటుంబాలు, రెండు వేరు ఆర్థిక వ్యవస్థలు.

లగ్జెంబర్గ్ 2020 ఫిబ్రవరి 29 నుంచి బస్సు, ట్రామ్, రైలు అన్నీ ఉచితం చేసింది. రైల్లో ఫస్ట్ క్లాస్‌కు మాత్రమే టికెట్. చాలా గొప్ప పని. కానీ ఆ ఉచితం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. అవతలి భాగానికి ఫ్రాంటాలియే డబ్బు కట్టాల్సిందే.

మళ్ళీ గేటు పడితే

ఉచిత రైలు మొదలైన రెండు వారాలకే కోవిడ్ వచ్చింది. 2020 మార్చి 16న జర్మనీ ఈ సరిహద్దులో తనిఖీలు పెట్టింది. కొన్ని చిన్న వంతెనలను పూర్తిగా మూసేశారు. పనికి వెళ్ళే వాళ్ళు కాగితాలు చూపించి దాటాలి. లగ్జెంబర్గ్ గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే ఇక్కడి ఆసుపత్రుల సిబ్బందిలో చాలా పెద్ద భాగం సరిహద్దు అవతల నుంచే వస్తారు. సరిహద్దు ఇంకా బిగిస్తే వాళ్ళు చిక్కుకుపోతారని, ప్రభుత్వం వాళ్ళ కోసం హోటల్ గదులు ఏర్పాటు చేసింది. మే నెల మధ్యదాకా నడిచిందది. 2024 సెప్టెంబర్‌లో వలసల పేరుతో జర్మనీ మళ్ళీ తన సరిహద్దులన్నిటా తనిఖీలు మొదలుపెట్టి, పొడిగిస్తూ వచ్చింది.

మా ఐటీ వాళ్ళకు ఇంకో కనిపించని గేటు ఉంది. వర్క్ ఫ్రమ్ హోమ్. ఫ్రాంటాలియే ఇంటి నుంచి ఏడాదికి 34 రోజుల దాకా పనిచేస్తే పన్ను లెక్క మారదు. దాటితే ఆ రోజుల జీతం మీద పన్ను అతని సొంత దేశానికి వెళ్తుంది. అందుకే మా కొలీగ్ ఎక్సెల్‌లో రోజులు లెక్కపెట్టుకుంటాడు. సోషల్ సెక్యూరిటీకి వేరే పరిమితి. 2023 జూలై నుంచి సగం కంటే తక్కువ సమయం ఇంటి నుంచి పనిచేస్తే ఇబ్బంది లేదు. ఒకే మనిషి, ఒకే లాప్‌టాప్, రెండు రకాల లెక్కలు. గేటు ఎత్తేశాక కూడా పని పూర్తవలేదనడానికి ఆ ఎక్సెల్ షీటే సాక్ష్యం.

మరి మన సంగతి?

నా జేబులో లగ్జెంబర్గ్ రెసిడెన్స్ కార్డు ఉంది. దాంతో శనివారం తియోన్‌విల్ వెళ్ళి కాఫీ తాగి రావచ్చు. కానీ అక్కడ తక్కువ అద్దెకు ఇల్లు తీసుకుని ఇక్కడ ఉద్యోగం చేసుకుంటానంటే కుదరదు. ఫ్రాన్స్‌లో ఉండే అనుమతి వేరు, ఇక్కడ పనిచేసే అనుమతి వేరు. నా పక్క సీటు ఆయనకున్న సరిహద్దు, నాకున్న సరిహద్దు ఒకటి కావు.

అయినా నేను అదృష్టవంతుణ్ణే. ఇండియాకు, లగ్జెంబర్గ్‌కు మధ్య సామాజిక భద్రత ఒప్పందం 2011 నుంచి అమల్లో ఉంది. ఇక్కడ పెన్షన్‌కు పదేళ్ళు కట్టి ఉండాలి. హైదరాబాద్‌లో నేను కట్టిన నాలుగేళ్ళను ఆ అర్హత లెక్కలో కలుపుకునే వీలుంది. బెల్జియం, ఫ్రాన్స్, జర్మనీలతో కూడా మనకు ఇలాంటి ఒప్పందాలున్నాయి. అమెరికాతో లేదు. మన వాళ్ళు లక్షల్లో పనిచేసే దేశం, జీతంలో నెలనెలా సోషల్ సెక్యూరిటీ కట్ చేసే దేశం. పదేళ్ళు నిండకముందే తిరిగొచ్చేస్తే ఆ డబ్బు మీద పెన్షన్ రాదు.

ఇక గల్ఫ్. మా మేనమామ దుబాయ్‌లో పంతొమ్మిదేళ్ళు స్టీల్ ఫిక్సర్‌గా చేశాడు. అక్కడ పరాయి దేశపు కార్మికుడికి పెన్షన్ పథకం ఉండదు, వచ్చేటప్పుడు గ్రాట్యుటీ ఇవ్వాలి. ఆయన కంపెనీ అదీ సగమే చేతిలో పెట్టింది. ఇక్కడి పద్ధతి గురించి వీడియో కాల్‌లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అల్లుడా, ఆడ పంతొమ్మిది ఏండ్లు ఎండల చేసిన. ఈడికొచ్చినంక బ్యాంకోడు అడిగిండు, గిన్నేండ్లు ఏం చేసినవ్ అని. సూపెట్టెతందుకు ఒక్క కాగితం లేదు."

పంతొమ్మిదేళ్ళు. మా కొలీగ్ లెక్కలో అయితే ఒక్క సంవత్సరం కూడా జారిపోలేదు. ఇద్దరూ వేరే దేశంలో చెమటోడ్చిన వాళ్ళే. ఒకరి వెంట హక్కులు నడిచొచ్చాయి, ఇంకొకరి వెంట సూట్‌కేస్ మాత్రమే వచ్చింది. యూరప్ వాళ్ళు మనకంటే మంచివాళ్ళని నేను అనడం లేదు. కోర్టుకు లాగితే తప్ప స్కాలర్‌షిప్ ఇవ్వలేదని పైనే చెప్పాను. ఒప్పందం రాసి ఉంది కాబట్టి కోర్టుకు లాగగలిగారు. తేడా అంతే.

మీలో ఎవరైనా బయటికి వెళ్ళే ప్రయత్నంలో ఉంటే ప్యాకేజీ ఎంత అని అడగడంతో ఆగకండి. నా జీతంలో కట్ అయ్యేది నేను తిరిగొచ్చాక నాకు ఉపయోగపడుతుందా? ఇండియాలో కట్టిన పీఎఫ్ ఏళ్ళు అక్కడ లెక్కకొస్తాయా? ఆ దేశంతో మనకు ఒప్పందం ఉందా? ఈపీఎఫ్‌వో వెబ్‌సైట్‌లో ఒప్పందాలున్న దేశాల జాబితా దొరుకుతుంది, చూడటానికి ఐదు నిమిషాలు చాలు. గల్ఫ్‌కు వెళ్ళే అన్నలు, మామలు మీ ఇంట్లో ఉంటే, కాంట్రాక్టు కాగితం, జీతం స్లిప్పులు ఫొటో తీసి మీ ఫోన్‌లో దాచిపెట్టండి. ఒప్పందాలు కుదిరేదాకా మన వాళ్ళ చేతిలో ఉండే ఆధారం అదే.